పద్యంలో ఇమిడిన ఇరవై అంకెలు: 18446744073709551615

పావులూరి మల్లన గణితంలోదిగా పేరుపడిన చంపకమాల ఒకటి ఇలా నడుస్తుంది: "శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు సంఖ్యకు..." చెవికి ఏదో స్తోత్రంలా వినిపించే ఈ మాటల్లో దేవుడూ లేడు, వర్ణనా లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క సంఖ్య. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టిస్తూ అరవై నాలుగు గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలవుతాయో ఆ లెక్క.

విప్పడం కష్టం కాదు. శరాలు మన్మథుడివి, ఐదు. శశి ఒక్కడే. షట్కం ఆరు. చంద్రుడు మళ్లీ ఒకటి. శరం, సాయకం రెండూ బాణాలే, ఐదు, ఐదు. రంధ్రాలు శరీరానికి తొమ్మిది. వియత్తు అంటే ఆకాశం, సున్నా. నగం కొండ, కులపర్వతాలు ఏడు. అగ్నులు మూడు. భూధరం మళ్లీ కొండే, ఏడు. గగనం సున్నా. అబ్ధి నాలుగు, వేదాలు నాలుగు, గిరి ఏడు, తర్కాలు ఆరు, పయోనిధి నాలుగు, పద్మజుడి ముఖాలు నాలుగు, దిక్కుల ఏనుగులు ఎనిమిది, చివరి తుహినాంశుడు చంద్రుడే కాబట్టి ఒకటి. అంకెలు ఎడమకు నడుస్తాయన్నది ఈ పద్ధతిలో నియమం. మొదట చెప్పింది ఒకట్ల స్థానం, చివర చెప్పింది అన్నిటికన్నా పెద్ద స్థానం. అలా కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది. ఇరవై అంకెల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. ఇప్పటి ఏ కంప్యూటరుతోనైనా సరిచూసుకోవచ్చు.

మల్లనను రాజరాజ నరేంద్రుడి కాలపువాడిగా, అంటే పదకొండో శతాబ్దపు కవిగా సాహిత్య చరిత్రలు చెబుతాయి. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో జైన గణితవేత్త మహావీరుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని ఆయన తెలుగు చేశాడు. ఇరవై అంకెల సంఖ్యను పద్యంలో పెట్టడం పాండిత్య ప్రదర్శనగా కనిపించవచ్చు గానీ, అందులో లెక్కల మనిషి జాగ్రత్త ఎక్కువ. తాటాకు మీద అంకెలుగా రాసిన సంఖ్యను ఎత్తి రాసేవాడు ఒక అంకె జారవిడిస్తే పట్టుకునే దారి లేదు. పద్యంలో ఒక మాట జారితే గణాలు చెడతాయి. రంధ్రం బదులు గ్రహం అని రాస్తే విలువ మారదు, అదీ తొమ్మిదే. కానీ గురువు పోయి లఘువు వస్తుంది, నడక తడబడుతుంది. మొదటి రెండు మాటల్నీ తారుమారు చేసి "శశి శర" అన్నామనుకుందాం. రెండూ రెండేసి లఘువులే కనుక గణాలకు ఏ ఇబ్బందీ లేదు, సంఖ్య చివర మాత్రం 15 కాస్తా 51 అయిపోతుంది. అక్కడ ప్రాస పట్టేస్తుంది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం రేఫ: శర, భూధరలోని ధర, కుంజరలోని జర, విస్తరలోని స్తర. "శశి"తో మొదలుపెడితే ఆ వరస తెగిపోతుంది.

ఈ కాపలా సంపూర్ణమైనది మాత్రం కాదు. మొదటి పాదంలోని చంద్రనూ రంధ్రనూ ఒకదాని చోట మరొకటి పెట్టి చదవండి. గణాలు, యతి, ప్రాస అన్నీ సరిపోతాయి, సంఖ్య మాత్రం తప్పుతుంది. ఛందస్సుకు అందని ఈ తప్పును పట్టుకునే ఉపాయం సంఖ్యలోనే ఉంది. దాని సంగతి కారణాంకాల దగ్గర చూద్దాం.

ముందు పరిమాణం ముచ్చట ముగించాలి, ఎందుకంటే ఈ సంఖ్య గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది అక్కడితోనే ఆగిపోతారు. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. పైకి చదవాలంటే ఒక లక్షా 84 వేల 467 కోట్ల కోట్లు, ఆపైన 44 లక్షల 7 వేల 370 కోట్లు, ఇంకా 95 లక్షల 51 వేల 615. పన్నెండో శతాబ్దపు భాస్కరాచార్యుడి లీలావతిలోని స్థానాల పట్టిక ఏకంతో మొదలై పద్దెనిమిదో స్థానమైన పరార్ధంతో ముగుస్తుంది. ఈ సంఖ్యకు ఆ పట్టిక చాలదు, ఇందులో 184 పరార్ధాలున్నాయి. మహావీరుడి పట్టికలో ఇరవై నాలుగు స్థానాలున్నాయి కాబట్టి అందులో హాయిగా ఇముడుతుంది. బియ్యం లెక్కన చూడాలనుకుంటే, వెయ్యి గింజలు ఇరవై గ్రాములు తూగుతాయనుకుందాం. మొత్తం దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఏటా పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. ఈ లెక్క వెనక ఒక కథ ఉంది: ఒక పండితుడు గింజలను ఇలా రెట్టిస్తూ ఇమ్మని వరం అడిగితే రాజు సరేనన్నాడు. ఆ మాట తీరడానికి ఇప్పటి దిగుబడితో ఏడు వందల ఏళ్ల పంట కావాలి. కథలో రాజు తెల్లబోవడం సహజమే. అరబ్బీ కథనాల్లో ఈ వరం అడిగిన పండితుడి పేరు సిస్సా, ఇచ్చింది ఒక హిందూ రాజు.

ధాన్యపు కొండను అలా ఉంచితే, సంఖ్య పెద్దదవడం అసలు విశేషం కానే కాదు. ఇరవై అంకెల సంఖ్యలు కోట్ల కోట్లున్నాయి, యాదృచ్ఛికంగా ఒకదాన్ని పట్టుకుంటే దాని లోపల ఏముందో చూడగానే చెప్పలేం. ఇది అలా కాదు. దీన్ని ఎలా కట్టారో తెలిసినవాడికి ఎలా విప్పాలో కూడా తెలుస్తుంది. ఎక్కే మెట్లూ దిగే మెట్లూ ఒకటే, మొత్తం ఆరు.

కట్టడం ఎలాగో చూద్దాం. మామూలుగా అయితే అరవై నాలుగు గళ్ల విలువలూ రాసి కూడాలి. ఆ శ్రమ అక్కర్లేదనడానికి మొదటి చిట్కా చిన్నపిల్లలకూ అర్థమయ్యేదే: ఏ గడిలోని గింజలైనా అంతకు ముందరి గళ్లన్నిటి మొత్తం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. మూడు గళ్లలో 1, 2, 4 కలిపి ఏడు, నాలుగో గడిలో ఎనిమిది. కాబట్టి బల్ల మీద లేని అరవై అయిదో గడి ఒకటి ఉందనుకుని, దాని విలువ కనుక్కుని, ఒకటి తీసేస్తే చాలు. అంటే 2⁶⁴ − 1. ఇక 2⁶⁴ కోసం అరవై నాలుగుసార్లు రెట్టించనూ అక్కర్లేదు. 64 కూడా రెండు ఘాతమే కదా. రెండుతో మొదలుపెట్టి వర్గం చేస్తూ పోతే 4, 16, 256, 65536, 4294967296, ఆ తర్వాత 18446744073709551616. ఆరే ఆరు గుణకారాలు. చివరిది పది అంకెల సంఖ్యను దానితోనే గుణించడం, కాగితం మీద ఓపికగా కూర్చుంటే అరగంటలోపు తేలే పని.

ఈ దారి పాతది. గురు లఘువుల వరసలు ఎన్ని రకాలుగా వస్తాయో లెక్కించడానికి పింగళుడి ఛందశ్శాస్త్రంలో చెప్పిన సూత్రం ఇదే: ఘాతం సరిసంఖ్య అయితే సగం చేసి వర్గం వేయి, బేసి అయితే ఒకటి తగ్గించి రెండుతో గుణించు. మహావీరుడు గుణోత్తర శ్రేఢి మొత్తానికి వాడిందీ ఇదే వరస. మల్లన ఏ దారిన లెక్క కట్టాడో పద్యం చెప్పదు గానీ, ఆయన తెలుగు చేసిన గ్రంథంలోనే ఈ పనిముట్టు ఉంది. ఇంచుమించు అదే కాలంలో, క్రీస్తుశకం 1000 ప్రాంతంలో, అల్ బిరూనీ తన కాలగణన గ్రంథంలో చదరంగపు లెక్కను సరిగ్గా ఇదే సంఖ్యకు తెచ్చాడు. ఆయన మాటల్లో నియమం గళ్ల దూరాలుగా ఉంటుంది: ఒక గడి విలువను వర్గం చేస్తే, మొదటి గడి నుంచి అది ఎంత దూరంలో ఉందో దాని నుంచి అంతే దూరంలో ఉన్న గడి విలువ వస్తుంది. మూడో గడి నుంచి అయిదో గడికి, అక్కడి నుంచి తొమ్మిదికి, పదిహేడుకు, ముప్ఫై మూడుకు, చివరగా అరవై అయిదుకు గంతులు వేయడమే. ఈ గంతుల వల్ల లెక్క సులువు కావడంతోపాటు ఇంకొక లాభం కూడా ఉంది. అది బయటపడటానికి ఏడు వందల ఏళ్లు పట్టింది.

బడిలో అందరూ నేర్చుకునే సూత్రం ఒకటుంది: ఒక వర్గంలోంచి ఒకటి తీసేస్తే, దాని మూలానికి ఒకటి కలిపినదీ ఒకటి తగ్గించినదీ కారణాంకాలవుతాయి. పదిహేను అంటే పదహారులోంచి ఒకటి తక్కువ, కాబట్టి అయిదు మూళ్లు. 2⁶⁴ వర్గమే కనుక మన సంఖ్య 4294967297, 4294967295 అనే రెంటి లబ్ధం. రెండోది మళ్లీ ఒక వర్గంలోంచి ఒకటి తక్కువైనదే. దాన్ని విడగొడితే 65537, 65535. ఇలా ఆరు మెట్లూ దిగేసరికి చేతిలో మిగిలేవి 3, 5, 17, 257, 65537, 4294967297. ఎక్కేటప్పుడు వచ్చిన 2, 4, 16, 256, 65536, 4294967296లకు ఒక్కొక్కటి కలిపితే వచ్చేవి ఇవే. ఇంకో సొగసు ఏమిటంటే, వీటిలో ఏ రెంటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు. ప్రతిదీ తనకు ముందరివాటి లబ్ధం కంటే సరిగ్గా రెండు ఎక్కువ: 3ను 5తో గుణిస్తే 15, తర్వాతిది 17. వాటి లబ్ధం 255, తర్వాతిది 257. ఉమ్మడి కారణాంకమంటూ ఉంటే అది రెండును భాగించాలి. ఇవన్నీ బేసి సంఖ్యలు కాబట్టి అది కుదరదు.

పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి న్యాయాధికారి, గణితవేత్త పియర్ డి ఫెర్మా ఈ వరసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. 3, 5, 17, 257, 65537 వరకు ఆయన నమ్మకం నిజమే. 1729 డిసెంబరులో గణితవేత్త క్రిస్టియన్ గోల్డ్‌బాక్ ఒక ఉత్తరంలో సాటి గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్‌ను అడిగాడు, ఫెర్మా చెప్పిన ఈ సంగతి నీకు తెలుసా అని. (ఆ ఏడాది సంఖ్య రామానుజన్ పేరుతో ముడిపడిన సంఖ్యే కావడం ఉత్త కాకతాళీయం.) 1732లో ఆయిలర్ జవాబు తేలింది: 4294967297 ప్రధాన సంఖ్య కాదు, 641ని 6700417తో గుణిస్తే వస్తుంది.

641ని ఎలా పట్టుకున్నాడన్నది ఆ సంఖ్య కంటే రుచికరమైన విషయం. పది అంకెల సంఖ్యను మూడు నుంచి వరసగా ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగిస్తూ పోలేదు. 2³² + 1ని భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువగా మాత్రమే ఉండగలదు. అలాంటివి 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. అయిదో భాగహారానికే దొరికిపోయింది. ఇక్కడ ఫెర్మా మీద కొంచెం ఆశ్చర్యం కలగక మానదు. 1640లో ఆయనే సరిగ్గా ఈ కోవ తర్కంతోనే 2³⁷ − 1కి 223 కారణాంకమని కనిపెట్టాడు. ఆ జల్లెడనే ఇటు తిప్పి ఉంటే ఒక సాయంత్రంలో తన నమ్మకం తానే పడగొట్టుకునేవాడు.

641 నిజంగా భాగిస్తుందని చూపడానికి పెద్ద భాగహారం కూడా అవసరం లేదు. 641ని రెండు రకాలుగా రాయవచ్చు: 5 × 2⁷ + 1 అని ఒకటి, 5⁴ + 2⁴ అని మరొకటి. మొదటిదాన్ని బట్టి, 641తో భాగించినప్పుడు 5 × 2⁷ శేషం −1తో సమానం. నాలుగో ఘాతానికి తీసుకెళ్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండోదాన్ని బట్టి 5⁴ బదులు −2⁴ పెట్టవచ్చు. పెడితే −2³² శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1 శేషం సున్నా. మూడు వాక్యాల్లో పని అయిపోయింది. రెండో కారణాంకం 6700417 ప్రధాన సంఖ్యే. దాని వర్గమూలం 2588 దాకానే కాబట్టి, 64 గుణిజానికి ఒకటి కలిపినవి నలభై చూస్తే నిర్ధారణ అయిపోతుంది.

ఇప్పుడు చదరంగపు సంఖ్య పూర్తిగా విడిపోయింది: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కటీ రెండోసారి రాలేదు. కాబట్టి ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగించేవి 1తోనూ తనతోనూ కలిపి సరిగ్గా 128. గింజల్ని మిగలకుండా సమానంగా పంచాలంటే ముగ్గురికీ పంచవచ్చు, అయిదుగురికీ పదిహేడుగురికీ పంచవచ్చు. ఏడుగురికి పంచితే మాత్రం ఒక గింజ మిగులుతుంది.

పద్యంలో చంద్ర, రంధ్ర తారుమారైతే పట్టుకునే ఉపాయం కూడా దొరికినట్టే. తారుమారైన సంఖ్యలో అంకెల మొత్తం మారదు, 87గానే ఉంటుంది, కాబట్టి 3 పరీక్షకు ఆ తప్పు చిక్కదు. చివరి అంకె 5గానే ఉంటుంది, కాబట్టి 5 పరీక్షకూ చిక్కదు. 17తో భాగిస్తే మాత్రం శేషం మిగిలి గుట్టు బయటపడుతుంది. అన్నట్టు, ఈ ఇరవై అంకెల్లో నాలుగు నాలుగుసార్లు వచ్చింది, ఒకటి, అయిదు, ఏడు మూడేసిసార్లు వచ్చాయి. రెండుతో రెట్టిస్తూ కట్టిన సంఖ్యలో రెండు అంకె ఒక్కచోట కూడా లేదు. దీనికి లోతైన కారణం వెతకనక్కర్లేదు, అలా కుదిరింది.

కారణాంకాల్లో 3, 5, 17, 257, 65537 అనే అయిదింటికీ జ్యామితిలో ఇంకో పేరుంది. 1796లో పద్దెనిమిదేళ్ల గౌస్ పదిహేడు భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయవచ్చని చూపాడు. బేసి భుజాల బహుభుజిని అలా గీయడం సాధ్యపడాలంటే భుజాల సంఖ్య ఫెర్మా వరసలోని వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధమై తీరాలని 1837లో గణితవేత్త వాంజెల్ రుజువుతో తేలింది. 65537 తర్వాత ఫెర్మా వరసలో మరో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు. ముప్ఫై రెండో ఘట్టం వరకు ప్రతిదీ సంయుక్త సంఖ్యేనని తెలిసిపోయింది. అందువల్ల ఇలా గీయగలమని తెలిసిన బేసి బహుభుజుల్లో అతి పెద్దదానికి 3 × 5 × 17 × 257 × 65537, అంటే 4294967295 భుజాలు. చదరంగపు బల్ల మొదటి నాలుగు అడ్డు వరసల మొత్తం ఇదే. సగం బల్ల గింజలన్ని భుజాలున్న బొమ్మను, సిద్ధాంతంలోనైనా, గీయవచ్చు. పూర్తి బల్ల గింజలన్ని భుజాలతో గీయలేం. అడ్డుపడింది ఆయిలర్ పట్టిన 641.

బల్ల మీద మధ్యలో ఎక్కడైనా ఆగి అప్పటిదాకా ఉన్న మొత్తం చూస్తే అదొక వేరే కథ. ఆ మొత్తం ప్రధాన సంఖ్య కావాలంటే గడి వరస సంఖ్య కూడా ప్రధాన సంఖ్య కావాలి. అది ఒక్కటే చాలదు, పదకొండో గడి దగ్గరి మొత్తం 2047, అది 23ను 89తో గుణిస్తే వస్తుంది. అరవై నాలుగు గళ్లలో ప్రధాన మొత్తం వచ్చేవి తొమ్మిదే: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. ముప్ఫై ఒకటో గడి మొత్తం 2147483647 ప్రధాన సంఖ్య అని 1772లో ఆయిలరే నిరూపించాడు. అరవై ఒకటో గడి మాత్రం చాలాకాలం ఎవరి కంటా పడలేదు. ఇలాంటి ప్రధాన మొత్తాలు ఇచ్చేవి ఇవేనని 1644లో ఫ్రెంచి పండితుడు మెర్సెన్ ప్రకటించిన జాబితాలో అది లేదు, దాని బదులు 67 ఉంది, అది తప్పు. 61ని 1883లో నిర్ధారించినవాడు ఇవాన్ పెర్వుషిన్ అనే రష్యన్ మతాచార్యుడు.

అదే 1883లో ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ లూకా బిళ్లలూ మూడు మేకులూ ఉన్న ఒక ఆటబొమ్మను బయటకు తెచ్చాడు. హనోయ్ గోపురంగా ప్రసిద్ధమైన ఆట అది. పెద్ద బిళ్ల చిన్నదాని మీదికి ఎక్కకుండా ఒక మేకు నుంచి మరో మేకుకు అన్నీ మార్చాలి. దానికి అంటించిన కథలో కాశీ ఆలయం, వజ్రపు సూదులు, 64 బంగారు బిళ్లలు, రాత్రింబవళ్లు వాటిని మారుస్తున్న పూజారులు ఉంటారు, పని పూర్తయితే లోకాంతం. కాశీకీ ఈ కథకూ సంబంధమేమీ లేదు, ఆటతోపాటు పుట్టిందే. లెక్క మాత్రం గట్టిది: 64 బిళ్లలకు కనీస ఎత్తుగడలు సరిగ్గా 18446744073709551615. ఒక్కో ఎత్తుగడకు ఒక్కో సెకను చొప్పున 58 వేల కోట్ల ఏళ్లకు పైమాటే. విశ్వం వయసు ఇప్పటికి 1,380 కోట్ల ఏళ్లు.

ఇదంతా పాత వైభవంగా మిగిలిపోయేదే, కంప్యూటర్లు 64 బిట్లకు మారకపోయి ఉంటే. ద్విసంఖ్యామానంలో ఈ సంఖ్య రాయడం అంటే వరసగా అరవై నాలుగు ఒకట్లు పెట్టడం, గడికి ఒకటి. ఒక్కో అంకె పట్టే చోటు ఒక బిట్, అలాంటివి ఎనిమిదైతే ఒక బైట్. ఎనిమిది బైట్లలో ఇమిడే అతి పెద్ద పూర్ణసంఖ్య ఇదే. ధన, రుణ గుర్తు కోసం ఒక బిట్ పక్కన పెడితే మిగిలేది అరవై మూడో గడి వరకు మొత్తం, 92,23,37,20,36,85,47,75,807. 2014లో గాంగ్నమ్ స్టైల్ వీడియో వీక్షణలు 32 బిట్ల హద్దయిన 214 కోట్ల 74 లక్షలు దాటినప్పుడు యూట్యూబ్ తన లెక్కను మార్చుకున్నది ఈ కొత్త హద్దుకే. కొత్త తరం ఇంటర్నెట్ చిరునామాలు, ఐపీవీ6 అనేవి, ఇంకా ఉదారం. మామూలు ఇంటి నెట్‌వర్క్‌కు కేటాయించే ఒక్క ముక్కలోనే 2⁶⁴ చిరునామాలుంటాయి, నిండు చదరంగపు బల్లకు మరో గింజ ఎక్కువ.

చోటు ఉన్నంత మాత్రాన అంకెలన్నీ భద్రంగా ఉంటాయని కాదు. ఎక్సెల్ గడిలో 18446744073709551615 అని టైపు చేస్తే అది 18446744073709500000గా మారిపోతుంది, ఎందుకంటే అది పదిహేను అంకెలకు మించి గుర్తుంచుకోదు. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యగా ఇస్తే 18446744073709552000 అని చూపిస్తుంది. లోపల దాచుకున్నది అరవై అయిదో గడి విలువ, అంటే ఒకటి ఎక్కువ. దశాంశాలనూ భారీ సంఖ్యలనూ ఒకే పద్ధతిలో దాచే ఆ అమరికలో పూర్ణసంఖ్యలు 2⁵³ దాకానే తు.చ. తప్పకుండా ఉంటాయి, ఆపైన సవరింపే. ట్విట్టర్ తన ట్వీట్ల ఐడీలను అంకెలుగానే కాక అక్షరాల వరసగా కూడా పంపడం మొదలుపెట్టింది ఈ ఇబ్బంది వల్లనే.

ప్రోగ్రామర్లకు ఈ ఇరవై అంకెలు ఎక్కువగా ఎదురయ్యే చోటు మాత్రం లాగ్ ఫైళ్లు, అంటే ప్రోగ్రాములు తమ పని వివరాలు రాసుకునే దస్త్రాలు. గుర్తు లేని 64 బిట్ల గణితంలో చివరి సంఖ్యకు ఒకటి కలిపితే సున్నా వస్తుంది. సున్నాలోంచి ఒకటి తీసేస్తే చివరి సంఖ్య వస్తుంది. −1కీ అరవై నాలుగు ఒకట్లే రూపం, చదివే తీరులోనే తేడా. సీ ప్లస్ ప్లస్‌లో ఒక వాక్యంలో ఒక మాట వెతికి దొరకనప్పుడు వచ్చే విలువను అచ్చు వేసి చూస్తే 64 బిట్ల యంత్రాల మీద సాధారణంగా కనిపించేది 18446744073709551615. జాబితాలో ఇన్ని అంశాలున్నాయనో, డిస్కులో ఇన్ని బైట్లు మిగిలాయనో ఏదైనా నివేదిక చెబితే, అక్కడ నిజంగా అంత పెద్ద రాశి ఉండే అవకాశం లేదు. ఎక్కడో ఖాళీ జాబితా పొడవులోంచి ఒకటి తీసేశారు, లేదా −1గా వచ్చిన లోపం సూచికను గుర్తు లేని చలరాశిలో వేశారు. వెతకడం అక్కడ మొదలుపెట్టాలి.